గౌరయ్య చూపించిన నాలుగు వేళ్లు

మిర్యాలగూడలో మా రైస్‌మిల్లుకు వడ్లు తెచ్చిన ఏ ట్రాక్టరైనా నా కాంటా మీదికి రాకముందు గౌరయ్య మామ దగ్గర ఆగాలి. ఆయన ట్రాలీ ఎక్కి, మోచేతి దాకా చెయ్యి దించి, అడుగు నుంచి పిడికెడు వడ్లు తీసేవాడు. అరచేతుల మధ్య నలిపి, పొట్టు ఊది, ఐదారు గింజలు కుడి దవడ కింద పెట్టి కొరికేవాడు. ఒక్క క్షణం కళ్లు మూసుకుని, "ఇరవై ఒకటి" అనేవాడు. వడ్లలో తేమ అది, నూటికి ఇరవై ఒక్క పాలు. నేను రిజిస్టర్‌లో రాసుకున్నాక తేమ మిషన్ పెట్టి చూస్తే, అరపాయింటు అటో ఇటో అదే వచ్చేది. పదకొండేళ్లుగా అక్కడ కాంటా రాస్తున్నాను. చూసిన ప్రతిసారీ మొదటిసారి చూసినట్టే ఉండేది నాకు.

ఆయనది నేరేడుచర్ల. చదువు ఐదో తరగతితో ఆగింది. ఇరవై ఏళ్లప్పుడు హమాలీగా బస్తాలు మోయడానికి మా మిల్లుకు వచ్చాడు. తిండివేళ మిగతా హమాలీలు నడుం వాలిస్తే, ఈయన కుప్పల మధ్య తిరుగుతూ ఒక్కో కుప్పలో గింజ కొరికి చూసేవాడట. ఎవరూ నేర్పలేదు. అప్పటి పెద్ద సేటు అది గమనించి, పది కుప్పల వడ్లు పది పొట్లాలు కట్టించి, ఏ పొట్లం ఏ కుప్పదో చెప్పమన్నాడు. పదీ చెప్పాడు. మరునాటి నుంచి బస్తా మోయడం మాని గేటు దగ్గర నిలబడ్డాడు. ముప్పై ఏళ్లు అక్కడే నిలబడ్డాడు. మాట తక్కువ మనిషి. రోజు మొత్తంలో ఆయన నోట మాటల కంటే అంకెలే ఎక్కువ వచ్చేవి.

రెండేళ్ల కిందట, వానాకాలం కోతలు మొదలైన వారంలో, మాడుగులపల్లి దగ్గరి తండా నుంచి బీక్యా అనే రైతు వడ్లు తెచ్చాడు. ఆ రోజు గేటు దగ్గర రద్దీ ఎక్కువై ముందే మిషన్ పెట్టారు. ఇరవై మూడు చూపించింది.

"నాలుగు రోజులు ఎండబోసిన. ఇరవై మూడు ఎట్లుంటది?" అని బీక్యా గొంతు పెంచాడు.

గౌరయ్య మామ ట్రాలీ ఎక్కి గింజ కొరికాడు. "మిషన్ల తప్పున్నది. పందొమ్మిది దాటదు" అన్నాడు.

మా చిన్న సేటు జగదీశ్‌కు కోపం వచ్చింది. సొంత మిల్లు మిషన్‌ను సొంత మనిషే పదిమంది రైతుల ముందు తప్పంటే ఎవరికైనా వస్తుంది. పక్క మిల్లు నుంచి ఇంకో మిషన్ తెప్పించారు. పందొమ్మిది పాయింట్ రెండు వచ్చింది. సేటు వంగి ఆ అంకె తనే చదువుకున్నాడు. తర్వాత నా వైపు తిరిగి, "జరిగింది జరిగినట్టు రిజిస్టర్ల రాయి ఉపేందర్. మిషన్ మార్చినమని గూడ రాయి" అన్నాడు. రాశాను. కింద బీక్యా సంతకం పెట్టాడు.

ఆ తర్వాత నెల తిరిగింది. ఒక పొద్దున మామ ట్రాలీ మీద గింజ కొరికి, అంకె చెప్పబోయి ఆగిపోయాడు. కుడి చెంపను అరచేత్తో పట్టుకుని వడ్ల మీదే కూలబడ్డాడు. పంటి కింద రాయి పడిందేమో అనుకున్నాం. అర నిమిషానికి లేచి, "ఇరవై" అని దిగిపోయాడు. మధ్యాహ్నం మళ్లీ వచ్చింది. ఎట్లా ఉందంటే, "కరెంటు తీగ తెచ్చి పంటికి ముట్టించినట్టున్నది" అన్నాడు.

పన్ను నొప్పే అనుకుని ఒక పన్ను పీకించుకున్నాడు. పదిహేను రోజులకు రెండోది పీకించుకున్నాడు. రెండూ గట్టి పళ్లే. నొప్పి మాత్రం పోలేదు, పెరిగింది. గింజ కొరికితే వచ్చేది కాస్తా, అన్నం నమిలినా వచ్చింది. తర్వాత నీళ్లు తగిలినా, ఫ్యాను గాలి తగిలినా వచ్చింది. గడ్డం చేసుకోవడం మానేశాడు. ఆఖరికి మాట్లాడినా వచ్చింది. క్వింటా బస్తా వీపు మీద వేసుకుని మెట్లెక్కిన మనిషి, చెంపకు తువ్వాలు కట్టుకుని, గోడకు మొహం పెట్టి కూర్చునేవాడు. ఒక్కసారి కూడా అరిచింది వినలేదు నేను. కళ్ల వెంట నీళ్లు మాత్రం కారేవి.

ఆయన భార్య ఆండాలు అత్త నాట్లకూ కలుపుకూ పోయే మనిషి. సంతకం కూడబలుక్కుని పెడుతుంది. మామ మాట మానేసినప్పటి నుంచి ఆయన కనుబొమ్మ కదిలితే ఏం కావాలో ఆమెకు తెలిసిపోయేది. జావ చల్లార్చి ఎడమ పక్క నుంచి చెంచాతో పోసేది. గంట పట్టేది గిన్నెడు జావకు.

మార్చిలో ఒక పొద్దున నొప్పి ఒకదాని మీద ఒకటి వచ్చింది. సూర్యాపేటలో ఒక ప్రైవేటు దవాఖానకు వారానికోసారి నరాల డాక్టరు వస్తాడని ఎవరో చెబితే, ఆటో మాట్లాడుకుని పోయారు. అత్త కౌంటర్ దగ్గర చీటీ రాయించుకుంటుండగా, లోపల డ్యూటీ డాక్టరు మామను అడిగింది, ఎన్నాళ్ల నుంచి నొప్పి అని. ఆయన నోరు తెరవలేక నాలుగు వేళ్లు చూపించాడు. నాలుగు నెలలు అని ఆయన లెక్క. ఆమె కాగితం మీద నాలుగేళ్లు అని రాసింది. బయట ఇరవై మంది ఎదురు చూస్తున్నారు. ఎవరూ ఆ కాగితం మళ్లీ చదవలేదు.

నరాల డాక్టరు స్కానింగ్ తీయించి జబ్బు పేరు చెప్పాడు. మొహానికి స్పర్శనిచ్చే నరం ఒకటి దెబ్బతిన్నప్పుడు వచ్చే నొప్పి, మనిషికి వచ్చే నొప్పుల్లో ఇంతకన్నా పెద్దవి తక్కువ అన్నాడు. మందులతో కొంత తగ్గుతుంది, హైదరాబాదులో ఆపరేషన్ చేయిస్తే పోయే అవకాశం ఎక్కువ అన్నాడు.

మామకు ఆరోగ్య బీమా ఉంది. నొప్పి మొదలవడానికి రెండేళ్ల ముందు బ్యాంకువాళ్లు అడిగితే తీసుకున్నాడు. ఏటా తప్పకుండా కట్టాడు. అందుకే ధైర్యంగా హైదరాబాదు పోయి, అక్కడి దవాఖాన వాళ్లతో కంపెనీకి అనుమతి కోసం రాయించారు. మూడో రోజు జవాబు వచ్చింది. అత్త ఆ కాగితాన్ని చీరల షాపు కవరులో పెట్టుకుని మిల్లుకు తెచ్చి నా చేతికిచ్చింది. ఇంగ్లీషులో ఉంది. నేను చదివి, ఎట్లా చెప్పాలో తెలియక మళ్లీ చదివాను.

"ఏమన్నరు ఉపేందర్?"

"జబ్బు నాలుగేండ్ల సంది ఉన్నదట అత్తా. పాలసీ తీసుకునేటప్పుడు దాసిపెట్టినమట. పైసలు ఇయ్యరట."

అత్త మామ వైపు చూసింది. ఆయన గోడ పక్కన తువ్వాలు కట్టుకుని కూర్చుని ఉన్నాడు. నెమ్మదిగా కుడి చెయ్యి ఎత్తి తన నాలుగు వేళ్లనూ చూసుకున్నాడు. అప్పుడు అర్థమైంది మాకు ఏం జరిగిందో.

తెలిసినవాళ్లు ఒకరు వేరే దారి చెప్పారు. హైదరాబాదులో ఇంకో దవాఖానకు పోయి, నిన్న మొన్ననే మొదలైందని చెప్పి, కొత్త కాగితాలు చేయించుకుంటే సరిపోతుందన్నారు. మామ నా దగ్గర కాంటా చీటీ తీసుకుని దాని వెనుక రాశాడు: 'నాలుగు నెలలు నిజం. ఒక్క దినం తక్కువ చెప్ప.' ఆ చీటీ ఇప్పటికీ నా దగ్గర ఉంది.

కంపెనీ ఫిర్యాదుల విభాగానికి నేనే రాశాను. పళ్లు పీకించుకున్న తేదీల చీటీలు జతచేశాను. నెలకు జవాబు వచ్చింది. పంటి వైద్యానికీ నరం జబ్బుకూ సంబంధం లేదని, దవాఖాన కాగితంలో నాలుగేళ్లని స్పష్టంగా ఉందని, మొదటి వాక్యమే మళ్లీ రాశారు. పాలసీ పుస్తకం ఆఖరి పేజీలో చీమ కాళ్లంత అక్షరాల్లో ఇంకో దారి కనిపించింది. బీమా అంబుడ్స్‌మన్ అని ఒక అధికారి ఉంటాడు, కంపెనీ కాదన్నదాన్ని ఆయన ముందు అడగవచ్చు, ఫీజు లేదు, వకీలు అక్కర లేదు. కానీ రుజువు కావాలి.

ముందు ఆ కాగితం రాసిన డాక్టరును వెతుక్కుంటూ అత్తా నేనూ సూర్యాపేట పోయాం. ఆఫీసులో ఉన్నాయన, "రికార్డుల ఏముంటే అదే. మార్చరాదు" అన్నాడు. రాసిన డాక్టరు పేరు నిఖిత అని, మానేసి కోదాడ పోయిందని చెప్పాడు. అటు నుంచి అటే బస్సెక్కాం.

కోదాడలో ఒక చిన్న దవాఖానలో దొరికింది. ఇరవై ఆరు, ఇరవై ఏడేళ్లుంటాయి. కాగితం చేతిలో పెడితే చాలాసేపు చూసింది. నేను జరిగింది చెబుతున్నాను గానీ, ఆమెకు అప్పటికే గుర్తొచ్చినట్టుంది.

"ఆయన మాట్లాడలేదండి. వేళ్లు చూపించారు. నెలలా ఏళ్లా అని అడగాల్సింది, నేను అడగలేదు" అంది.

మేము ఏమీ అడగకముందే తెల్ల కాగితం తీసుకుంది. రోగి నోరు తెరవలేని స్థితిలో నాలుగు వేళ్లు చూపించాడనీ, తాను విచారించకుండా ఏళ్లని రాశాననీ, ఇది తన పొరపాటేననీ రాసి, సంతకం పెట్టి, తన రిజిస్ట్రేషన్ నంబరు వేసింది.

ఆండాలు అత్త ఆ సంతకం వైపే చూస్తూ అడిగింది. "నీ నౌకరికి ఏమన్న అయితదా బిడ్డా?"

"ఏమోనండి, తెలీదు. నేను రాసిందాని వల్లే కదా ఆయనకి ఇన్నాళ్లు ఆలస్యమైంది."

తిరుగు బస్సులో అత్త ఆ కాగితాన్ని చీరల షాపు కవరులో పెట్టి ఒళ్లో పట్టుకుంది. మునగాల దాటాక, "ఎవల బిడ్డనో గని" అంది అంతే.

ఆ కాగితం ఒక్కటే చాలదని నాకు భయంగా ఉండేది. తిరస్కరించాక తెచ్చుకున్న కాగితం అని కంపెనీ అంటుందని తెలుసు. జబ్బు ముందు లేదని, ఎప్పుడో రాసి పెట్టిన సాక్ష్యం కావాలి. లేని నొప్పికి సాక్ష్యం ఎక్కడ దొరుకుతుంది? పది రోజులు అదే ఆలోచన. ఒక మధ్యాహ్నం ఏదో పాత లోడు వివరం కోసం గేటు రిజిస్టర్ తిరగేస్తూ ఆగిపోయాను.

మా రిజిస్టర్‌లో తేమకు రెండు గడులుంటాయి. ఒకటి 'కొరికినది'. రెండోది 'మిషన్'. పేజీ తర్వాత పేజీ, రెండు గడులూ పక్కపక్కనే నిండి ఉన్నాయి. కార్తీకం చివర ఒక తేదీ దగ్గర మొదటి గడిలో అంకెలు పలచబడ్డాయి. రోజుకు అరవై ఉండేవి పది అయ్యాయి, తర్వాత మూడు. ఆ తర్వాత గడి మొత్తం ఖాళీ. నా చేతి రాతే అది. రోజూ నేనే రాశాను. ఒక మనిషి నోరు మూసుకుపోవడం అట్లా పేజీల మీద కనిపించింది. వెనక్కి తిప్పాను. ముందటేడు, ఆ ముందటేడు, ఇంకా ముందు. ఎక్కడా ఖాళీ లేదు. కంపెనీ జబ్బు ఉందన్న ఆ నాలుగేళ్లూ ఆయన సీజన్లో రోజుకు యాభై అరవై లోడ్ల గింజలు కుడి పళ్లతోనే కొరికాడు. గట్టివి నమిలితే నొప్పి లేస్తుందని, ఈ జబ్బున్నవాళ్లు అట్లా కొరకలేరని హైదరాబాదు డాక్టరు రాసిచ్చాడు.

సేటు దగ్గరికి రిజిస్టర్లు తీసుకుపోయాను. మిల్లు పుస్తకాలు బయటికి ఇస్తాడో లేదో అనుకున్నాను. ఆయన ఆ ఖాళీ గడి మీద వేలు పెట్టి కిందికి జరుపుకుంటూ పోయాడు. "అన్నీ జిరాక్స్ తీపియ్యి" అన్నాడు. బీక్యాకు ఫోన్ చేస్తే, "ఎన్నడు రావాలె?" అని మాత్రం అడిగాడు.

మామ తన తరఫున ఒక పేజీ రాశాడు. ఐదో తరగతి చదువు, అయినా అక్షరాలు గింజల్లా విడివిడిగా పెట్టాడు. నేను ఒక్క మాట దిద్దలేదు.

విచారణ ఆగస్టులో, వీడియో కాల్ మీద. మిల్లు ఆఫీసులోనే కంప్యూటర్ ముందు కూర్చున్నాం. ఫ్యాను ఆపేశాం. ఉక్కపోత. మొదలవడానికి ఐదు నిమిషాల ముందు నాకు కొత్త పరేషాన్ పట్టుకుంది. మిల్లు చప్పుడులో అవతలివాళ్లకు మా మాట వినపడదు. అప్పుడే సేటు ఆఫీసులోంచి లేచి బయటికి పోయాడు. ఒక్కో మోటారూ ఆగుతూ వచ్చింది. ఎలివేటర్లు ఆగాయి, జల్లెడలు ఆగాయి. పండుగనాడు తప్ప ఆగని మిల్లు అది. ఉన్నట్టుండి యార్డులో పిచ్చుకల అరుపు వినిపించింది. హమాలీలు ఎక్కడివాళ్లక్కడ నిలబడ్డారు. ఎవరూ చెప్పకుండానే ఒక్కరూ మాట్లాడలేదు.

తెర మీద అంబుడ్స్‌మన్, తలనెరిసిన మనిషి. పక్క గడిలో కంపెనీ తరఫున వచ్చిన యువతి. ఆమె తన పని తాను చేసింది. డాక్టరు ఉత్తరం తిరస్కరణ తర్వాతిది అంది. వడ్ల రిజిస్టర్‌తో రోగం లేదని ఎట్లా తేలుతుంది అంది. కొరికాడని రాశారు, నిజంగా కొరికినట్టు ఎవరు చూశారు అంది.

బీక్యా బెంచీ మీది నుంచి లేచి నిలబడ్డాడు. కూర్చోమన్నా కూర్చోలేదు.

"నేను సూసిన సార్. నా వడ్లే. మిషన్ తప్పు సూపెడితే ఈయన నా కండ్ల ముందట కొరికి పందొమ్మిది అన్నడు. ఇంకో మిషన్ తెస్తే పందొమ్మిదే వచ్చింది. కుడి పక్కనే కొరికిండు. నా సంతకం ఉన్నది సూడుండ్రి. ఆ నాడు ఈయనకు నాతోని చుట్టం లేదు, పక్కం లేదు. ఇయ్యాల గూడ లేదు."

అధికారి ఆ పేజీ తెరిచి చూశాడు. తర్వాతి నెలల పేజీలు తిప్పాడు. ఖాళీ గడి దగ్గర చాలాసేపు ఆగాడు. "ఆయన రాసినది చదివాను. మాట్లాడాల్సిన అవసరం లేదు" అన్నాడు.

మామ తల అడ్డంగా ఊపి, తువ్వాలు విప్పాడు. అత్త ఆయన మోచెయ్యి పట్టుకుంది. ఐదు నెలలుగా నేను ఆయన గొంతు వినలేదు.

"నాలుగు నెలలని..." అన్నాడు. అంతలోనే మొహం కుడివైపు లాగేసింది. బల్ల అంచు పట్టుకున్నాడు. వేళ్లు తెల్లబడ్డాయి. అవతల ఇద్దరూ కదల్లేదు. నిమిషం గడిచిందేమో. మళ్లీ మొదలుపెట్టాడు. "నాలుగు నెలలని సూపిన సార్, వేళ్లతోటి. నోరు రాక." మళ్లీ వచ్చింది. కళ్ల నీళ్లు గడ్డంలోకి జారాయి. తుడుచుకుంటే చెయ్యి చెంపకు తగులుతుందని వదిలేశాడు. అది తగ్గేదాకా ఆగి, ఆఖరి మాట అన్నాడు. "దాసుకునేటంత సిన్న నొప్పి గాదు సార్ ఇది."

ఒక్కో మాటకు ఎంత చెల్లించాడో ఆ గదిలో ఉన్న మాకు తెలుసు. కంపెనీ యువతి తల దించుకుని ఉంది. కాసేపటికి, "మా వైపు నుంచి ఇంకేం ప్రశ్నలు లేవు సార్" అంది. అధికారి కళ్లజోడు తీసి, "గౌరయ్యగారూ, మీరు తువ్వాలు కట్టుకోండి" అన్నాడు. మామ రెండు చేతులూ జోడించాడు. తెర ఆరిపోయాక కూడా కొంతసేపు సేటు మోటార్లు వేయమనలేదు.

మూడు వారాలకు ఉత్తర్వు వచ్చింది. జబ్బు దాచారనడానికి ఆధారం లేదనీ, ఆపరేషన్‌కు కంపెనీ ఒప్పుకోవాలనీ. నేను తెలుగులో చదివి చెబితే అత్త ఇంకోసారి చదవమంది. మూడోసారి కూడా చదివించుకుంది. మామ కళ్లు మూసుకుని విన్నాడు.

హైదరాబాదులో ఆపరేషన్ రోజున నేనూ ఉన్నాను. సాయంత్రం డాక్టరు మమ్మల్ని పిలిచి లోపల తీసిన బొమ్మ చూపించాడు. తెల్లగా తాడులా ఉన్నది నరం. దాని మీదుగా ఎర్రగా, కుట్టుదారం అంత సన్నని రక్తనాళం ఒరిగి ఉంది. గుండె కొట్టుకున్నప్పుడల్లా అది నరాన్ని తాకుతుందట. మధ్యలో దూదిలాంటి చిన్న ముక్క ఒకటి పెట్టి రెండింటినీ విడదీశారు.

"ఇంతేనా సార్?" అని అడిగింది అత్త.

"ఇంతేనమ్మా."

ఆమె ఆ బొమ్మను ఎంతసేపు చూసిందో. నేనూ చూశాను. దారమంత నాళం మనిషి నోరు కట్టేసింది. గోరంత ముక్క దాన్ని విడిపించింది. ఎవరి తలలో ఏ దారం ఏ నరానికి ఎంత దూరంలో ఉందో, మేమంతా ఎంత నమ్మకంగా తిరుగుతున్నామో అనిపించి, బయటికి వచ్చి కాసేపు మెట్ల మీద కూర్చున్నాను.

రెండో రోజు మామకు పూర్తిగా తెలివి వచ్చాక అత్త గిన్నెలో నీళ్లు తెచ్చింది. తడిగుడ్డ పట్టుకుని కుడి చెంప దగ్గర ఆగిపోయింది. పది నెలలుగా ఆ చెంపను ఆమె ముట్టలేదు. ఆయనే ఆమె మణికట్టు పట్టుకుని గుడ్డను చెంపకు ఆనించుకున్నాడు. ఏమీ కాలేదు. ఇద్దరూ అట్లాగే ఉండిపోయారు. నర్సు వచ్చి, చూసి, మళ్లీ వస్తానని వెళ్లిపోయింది.

ఇంటికొచ్చిన వారానికి కోదాడకు ఫోన్ కలపమన్నాడు. డాక్టర్ నిఖితతో పది నిమిషాలు మాట్లాడాడు. అంతసేపు ఆయన ఎవరితోనైనా మాట్లాడటం నేను చూడటం అదే మొదటిసారి. ఆమె ఉద్యోగానికి ఏమీ కాలేదట. ఇప్పుడు రోగి చెప్పింది రాసి, మళ్లీ చదివి వినిపించి, అప్పుడే సంతకం చేస్తున్నానని చెప్పిందట.

పీకించుకున్న రెండు పళ్లు తిరిగి రావు. ఎడమ పక్క కొరికి అంకె చెప్పడం మామకు మళ్లీ నేర్చుకోవాల్సి వచ్చింది. మొదటి నెల రెండు మూడు పాయింట్లు తప్పేవి. తప్పినప్పుడు తనే, "మిషన్దే రాయి" అనేవాడు. ఈ కోతలకల్లా మళ్లీ అరపాయింటులోకి వచ్చాడు.

ఆపరేషన్ వల్ల కుడి చెవి కొంచెం మందగించింది. ఆ పక్క నుంచి పిలిస్తే పలకడు. ఈ సంగతి ఎవరూ ఎవరికీ చెప్పలేదు, గేటు మీద బోర్డేమీ పెట్టలేదు. కానీ ఇప్పుడు వడ్లు తెచ్చిన రైతులు, డ్రైవర్లు, హమాలీలు, సేటుతో సహా, ఆయనతో మాట్లాడాలంటే ట్రాలీ చుట్టూ తిరిగి ఎడమ పక్కకు వచ్చి నిలబడుతున్నారు.